పాస్టరమ్మ ఆఫ్రికా వెళ్లొచ్చింది

ఐర్లండు నుంచి జయమ్మ తిరిగొచ్చిందని తెలిసి ఆ సాయంత్రం వీధిలోని ఆడవాళ్లంతా ఆమె వసారాలో చేరారు. జమ్మలమడుగు చుట్టుపక్కల ఊళ్లలో కువైట్ వెళ్లొచ్చిన వాళ్లకు కరువు లేదు గానీ ఐర్లండు ముఖం చూసినవాళ్లు లేరు. ఎట్లా ఉంటుందో చెప్పమని అడిగారు. జయమ్మ కాళ్లు చాపుకుని, గొంతు సవరించుకుని మొదలుపెట్టింది. మూడు రాళ్ల పొయ్యి మీద సంగటి గెలుకుతారంది. పొద్దున్నే ఎదురుపడితే చప్పట్లు కొట్టి, నిద్ర పట్టిందా అని అడిగాకే వేరే మాట ఎత్తుతారంది. ఆకుకూరలో చెనిక్కాయల ముద్ద కలిపి వండుతారంది.

"తెల్లోళ్లు సంగటి తింటారా పాస్టరమ్మా?" అని సరోజమ్మ నోరు తెరిచింది.

"తెల్లోళ్లా? వాళ్లను నేను దూరం నుంచి చూసిందే. నేను చెప్పేది ఆఫ్రికా సంగతి," అంది జయమ్మ.

ఐర్లండుకు టికెట్టు కొనుక్కుని ఆఫ్రికా చూసొచ్చిన మనిషి మన జిల్లాలో ఆమె ఒక్కతే అయి ఉంటుంది. అదెట్లా జరిగిందో ఆ సాయంత్రం ఆమె చెప్పింది కొంత, చెప్పనిది కొంత. చెప్పనిదే అసలు కథ.

కూతురు ఫెబి డబ్లిన్‌లో నర్సు. అల్లుడు విక్టర్‌ది క్లోనీలో కంప్యూటర్ ఉద్యోగం. లూకన్ పక్కన ఆడమ్స్‌టౌన్‌లో అద్దెకుంటున్నారు. ఫెబి తొలి కాన్పుకని జయమ్మ రెండు వేల ఇరవై ఫిబ్రవరిలో వెళ్లింది. మూడు నెలలుండి రావాలని లెక్క. ఒక పెట్టెలో రాగిపిండి, ఊరుబిండి, బిడ్డకు మొలకల రాగిమాల్టు. ఇంకో పెట్టెలో తన చీరలు, బైబిలు, పాటల పుస్తకం. మనవడు శామ్ పుట్టాడు. వాడు పుట్టిన పది రోజులకు లోకమంతా తలుపులేసుకుంది. మూడు నెలలు పంతొమ్మిది నెలలయ్యాయి.

జయమ్మ ఎలాంటి మనిషో కాస్త చెప్పుకోవాలి. ఆమె ఏలీయా అయ్యగారి భార్య. ఆయన ముప్పై ఏళ్లు సంఘాన్ని కాసి, ఆమె ఐర్లండు ప్రయాణానికి మూడేళ్ల ముందు కన్నుమూశారు. పాస్టరమ్మ అంటే ఊళ్లో అందరి కష్టాలకూ ఓదార్పు చెప్పాల్సిన మనిషి. అయ్యగారు పోయిన రోజున కూడా ఆమే వచ్చినవాళ్లను ఓదార్చి, కాఫీలిచ్చి, ఏ బస్సు దొరుకుతుందో చెప్పి పంపింది. చావింట్లో గుండెలు బాదుకుని శోకాలు తీయడం నిరీక్షణ లేనివాళ్ల పని అని అయ్యగారు జీవితమంతా ప్రసంగించారు. ఎవరైనా రాగం ఎత్తితే "ఊరుకోమ్మా, స్తోత్రం చెప్పు" అని నోరు మూయించే పని జయమ్మది. అలాంటిది తన ఇంట్లో తనే రాగం తీస్తే ఏం బావుంటుంది? ఆ రోజు ఏడవడానికి తీరిక దొరకలేదు. తర్వాత తీరిక దొరికింది గానీ ఏడుపు రాలేదు.

ఇక ఆఫ్రికా. జయమ్మ రాకముందు వారమే పెద్ద గాలివాన వచ్చి పెరట్లో రెండిళ్ల మధ్యనున్న చెక్క కంచెలో నిలువెత్తు ముక్క ఒకటి కూలిపోయింది. ఇంటి యజమాని వచ్చే వారం మనిషిని పంపిస్తానన్నాడు. ఆ వచ్చే వారం రావడానికి ఏడాదిన్నర పట్టింది.

బిడ్డ గుడ్డలు ఆరేయడానికి పెరట్లోకి వెళ్లిన జయమ్మకు ఆ సందులోంచి పొగ వచ్చింది. తొంగి చూస్తే తన ఈడు మనిషే, తలకు గుడ్డ కట్టుకుని, నడుముకు రంగుల బట్ట చుట్టుకుని, మూడు రాళ్ల మధ్య మంట ఊదుతోంది. జయమ్మ అలవాటు ప్రకారం చేతులు జోడించి "వందనాలు" అంది. ఆమె లేచి, మోకాళ్లు కాస్త వంచి, దోసిళ్లు చేసి మెల్లగా నాలుగు చప్పట్లు కొట్టింది. తన వందనాలకు చప్పట్లు కొట్టించుకోవడం జయమ్మకు అదే మొదలు. ఇంత బాగా పెట్టానా అని లోలోపల మురిసిపోయింది కూడా. చప్పట్లు కొట్టడం వాళ్ల పలకరింపని సాయంత్రం ఫెబి చెప్పేదాకా ఆ మురిపెం నిలిచింది.

ఆమెది జింబాబ్వేలో ఒక పల్లె. కూతురు రూడో ఇక్కడ ముసలివాళ్ల హోములో కేరర్. ఆమె కూడా మూడు నెలలకని వచ్చి చిక్కుకున్నదే. అంబూయా అంటారు, అంటే అవ్వ. జయమ్మ దానికో అమ్మను తగిలించి అంబూయమ్మను చేసింది. అంబూయమ్మ జయమ్మను "మాయి ఫెబి" అనేది, ఫెబి వాళ్లమ్మ అని. ఊళ్లో అయినా జయమ్మను పాస్టరమ్మ అనని వాళ్లు పిలిచేది అట్లాగే. ఇద్దరికీ ఉమ్మడి భాష లేదు. ఒకరి మాట ఇంకొకరికి చేరాలంటే తెలుగు నుంచి ఫెబి, ఫెబి నుంచి రూడో, రూడో నుంచి వాళ్ల షోనా భాష. అంత దూరం వెళ్లొచ్చేసరికి మాట చల్లారిపోయేది. అందుకని ఇద్దరూ చేతులతోనే కానిచ్చారు.

మొదట రెండు కిలోమీటర్లు దాటి వెళ్లకూడదన్నారు, తర్వాత అయిదన్నారు. దాటితే గార్డులు ఆపుతారని, ఇక్కడ పోలీసులను గార్డులంటారని విక్టర్ అత్తగారికి జాగ్రత్తలు చెప్పాడు. జయమ్మ రోజూ పన్నెండు అంగలు వేసి కంచె సందు దగ్గర పీట వేసుకునేది. "ఆఫ్రికాకు పోయొస్తాండా, బిడ్డ లేస్తే పిలువు మే," అని ఫెబికి చెప్పి మరీ వెళ్లేది. ఏ గార్డూ ఆపలేదు.

ఆ ఎండాకాలం సడలింపులు వచ్చాయి, ఆరుబయట కలుసుకోవచ్చన్నారు. అప్పుడు జయమ్మ సరిహద్దు దాటి అసలు ఊరు చూసింది. అంబూయమ్మ గడ్డి మీద గులకరాళ్లు పేర్చి తన ఊరు కట్టింది. ఇది గుండ్రటి వంటిల్లు, ఇది గాదె, ఇది పశువుల దొడ్డి, ఇది బావి దారి. జయమ్మ తిన్నగా వెళ్లి మధ్యలో నిలబడింది. అంబూయమ్మ ఒక్క అరుపు అరిచి ఆమె చెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది. జయమ్మ గోడలోంచి నడిచి వచ్చిందట. చుట్టూ తిప్పి, గుమ్మం ఎక్కడుందో చూపించి, చెప్పులు విడిపించి లోపలికి తీసుకెళ్లింది. కుడి వైపు గట్టు మగవాళ్లది, ఎడమ వైపు చాప ఆడవాళ్లది. ఆ గట్టు మీద వాళ్లాయన కూర్చుంటాడని, ఇంకెవరూ కూర్చోకూడదని తెలిసేలా చెప్పింది. నేల పేడతో అలుకుతారని అభినయించి చూపిస్తే, "మేము మాత్రం గంధంతో అలుకుతామా?" అని జయమ్మ తనూ ఒంగి అలికి చూపించింది.

ఊరన్నాక మర్యాదలుంటాయి. పొద్దున్నే వెళ్లగానే చప్పట్లు. నిద్ర పట్టిందా అని అడిగితే, మీకు పట్టి ఉంటే నాకూ పట్టినట్టే అనాలి. మొదట్లో జయమ్మకు ఇదంతా చాదస్తంగా తోచింది. శామ్ ఏడుపుకు రాత్రంతా మేలుకుని, మీకు పట్టినట్టే నాకూ పట్టింది అనడం అబద్ధమాడటం కాదా అని ఫెబిని అడిగింది కూడా. కానీ రోజులు గడిచేకొద్దీ, తను బాగా నిద్రపోయిందో లేదో అడగడానికి ఒక మనిషి ఉండటం ఆమెకు అలవాటైపోయింది.

లూకన్‌లో ఇండియన్ షాపు నుంచి విక్టర్ రాగులు తెచ్చి పెట్టాడు. ఆ గింజలు చూసి అంబూయమ్మ సంచి మీద ముఖం పెట్టి వాసన చూసింది. వాళ్ల ఊళ్లోనూ అవే గింజలు, అవే మొలకలు కట్టడాలు, అదే సంగటి. ఇంకేం, ఇద్దరి మధ్యా పోటీ మొదలైంది. జయమ్మ సంగటి మెత్తన, అంబూయమ్మది గట్టి. చెరగడంలో మాత్రం జయమ్మ ఓడిపోయింది. మన చేటకు ఒక పక్క అంచుండదు. వాళ్లది చుట్టూ అంచున్న గుండ్రటి పళ్లెం. జయమ్మ అలవాటు కొద్దీ ఎగరేసేసరికి గింజలన్నీ ఐర్లండు పాలయ్యాయి. ఒలకబోసినవాళ్లే ఏరాలన్నది వాళ్ల ఊరి కట్టుబాటు. పాస్టరమ్మ గడ్డిలో మోకాళ్ల మీద గింజ గింజా ఏరుతుంటే అంబూయమ్మ పీట వేసుకుని కూర్చుని, అదిగో అక్కడొకటి అని వేలితో చూపించింది.

తినేటప్పుడు జయమ్మ గిన్నె అడుగున పట్టిన మాడు గోకి తీసి తన పళ్లెం అంచున పెట్టుకునేది. చివరికి దాన్ని తినకుండా పిట్టలకు వేసేది. తినే వస్తువును పారేసే మనిషి కాదు ఆమె. అంబూయమ్మ చూసింది గానీ ఏమీ అడగలేదు.

మొగుళ్ల మాట ఎప్పుడొచ్చిందో చెప్పలేం గానీ, వచ్చాక ఇక ఆగలేదు. అంబూయమ్మ భర్తను సెకురూ అనేది, తాత అని. ఫోనులో వీడియో కాల్ కలిపి ఆయన ముఖం చూపించింది: టోపీ పెట్టుకున్న సన్నటి ముసలాయన, వెనకాల మేకలు. అంబూయమ్మ నాకన్నా నాలుగేళ్లు పెద్దది కాబట్టి అక్క, అక్క మొగుడు కాబట్టి బావ అని జయమ్మ అప్పటికప్పుడు వరస కలిపేసింది. బావనైతే ఎంత ఎగతాళి చేసినా తప్పు లేదు. ఆయన టోపీ ఎత్తి నవ్వాడు.

ఫోను పెట్టేయగానే అంబూయమ్మ సంగటి తెడ్డు చేతికర్రగా పట్టుకుని ఆయనై పోయింది. ఎప్పుడో ఎద్దు తొక్కిన కాలు ఈడుస్తూ నడిచింది. మేకలను పేరుపేరునా తిట్టింది. వరసగా మూడు తుమ్ములు తుమ్మి, ప్రతి తుమ్ముకూ ఇదంతా నీవల్లే అన్నట్టు పెళ్లాం వైపు వేలు చూపింది. పళ్లెం ముందు పెట్టగానే, ముద్ద నోట్లో పెట్టకముందే, ఉప్పు చాల్లేదని ముఖం చిట్లించింది. జయమ్మకు నవ్వు ఆగలేదు. వెంటనే తనూ లేచి ఏలీయా అయ్యగారైంది. మూడుసార్లు దగ్గి, నెత్తి మీదున్న కళ్లజోడు కోసం జేబులన్నీ వెతికి, ఇదే చివరి మాట అని ఒక వేలు చూపించి, అలాంటి చివరి మాటలు ఏడు చెప్పింది. తలుపు దగ్గర నుంచి చూస్తున్న ఫెబి చేతిలో పాలసీసా జారిపోయింది. తండ్రిని తల్లి ఎగతాళి చేయడం ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగి చూడలేదు.

అట్లా ఎండాకాలం పోయి చలికాలం వచ్చింది. అంబూయమ్మ వేసిన మొక్కజొన్న మోకాలి ఎత్తుకు ఎదిగి, ఇంక నావల్ల కాదని ఆగిపోయింది. కొత్త సంవత్సరంలో జబ్బు మళ్లీ విజృంభించి, ఇళ్ల మధ్య రాకపోకలు పూర్తిగా ఆపేశారు. జయమ్మ మళ్లీ సరిహద్దుకు ఇవతల పీట వేసుకుంది.

జనవరి చివర్లో ఒక పొద్దున చప్పట్లు వినపడలేదు. రూడో మాస్కు పెట్టుకుని కంచె దగ్గరికి వచ్చి ఫెబికి చెప్పింది. సెకురూకు నాలుగు రోజులు జ్వరం వచ్చింది, అయిదో రోజు లేడు.

వెళ్లడానికి విమానం లేదు. డ్రోహెడాలో ఉన్న చుట్టాలు కూడా అయిదు కిలోమీటర్ల హద్దు దాటి రాలేకపోయారు. సమాధి కార్యక్రమం ఫోనులో చూపించారు. ఎవరో ఫోను పట్టుకుని నడుస్తుంటే మధ్యలో సిగ్నలు పోయి, బొమ్మ ఒక మేక ముఖం మీద ఆగిపోయింది. మళ్లీ వస్తుందేమోనని అంబూయమ్మ రెండు గంటల సేపు ఆ మేకనే చూస్తూ కూర్చుంది. యాభై ఏళ్లు కాపురం చేసిన మనిషిని మట్టిలో పెట్టేటప్పుడు ఆమెకు దక్కింది ఆ మేక ముఖం.

ఆమె ఏడవలేదు. వంటింటి అద్దం తలుపు వెనక కుర్చీ వేసుకుని కూర్చుంది, అంతే. పొయ్యి వెలగలేదు. టీ తప్ప ఏమీ ముట్టడం లేదని, ఎంత చెప్పినా వినడం లేదని రూడో ఫెబితో అంది. జయమ్మ సంగటి చేసి పంపితే పళ్లెం పంపినట్టే తిరిగొచ్చింది. సరిహద్దులో నిలబడి ఆదరణ పాట పాడింది. అంబూయమ్మ మర్యాదగా రెండు చప్పట్లు కొట్టి మళ్లీ చేతులు ఒళ్లో పెట్టుకుంది. బైబిలు వాక్యం ఒకటి ఫెబి ద్వారా, రూడో ద్వారా చేరవేసింది. దానికీ తల ఊపింది. ముప్పై ఏళ్లుగా ఎన్నో ఇళ్లలో పనికొచ్చిన మాటలు ఆ అద్దం తలుపు దగ్గర పనికిరాలేదు. తొమ్మిది రోజులైంది. గాజు వెనక ఆ ముఖం రోజురోజుకూ పీక్కుపోతుంటే జయమ్మకు భయం పట్టుకుంది. ఇంత దూరం వచ్చి సంపాదించుకున్న ఒక్క అక్కను పోగొట్టుకుంటానా అని రాత్రి ప్రార్థనలో దేవుణ్ణే నిలదీసింది.

పదో రోజున ఆమె చెప్పులేసుకుని పెరట్లోకి వెళ్లింది. కంచె దగ్గర ఆగలేదు. రూల్సు ఉన్నాయని తెలుసు. అయ్యగారి ప్రసంగాలు కూడా చెవుల్లో ఉన్నాయి. దాటేసింది. అద్దం తలుపు ముందు, గులకరాళ్ల వంటింటి పక్కన, తడి గడ్డి మీద చతికిలబడి, తను ముప్పై ఏళ్లు ఊరి ఆడవాళ్ల చేత మానిపించిన పని తనే చేసింది. రాగం ఎత్తింది.

"ఓ బావో... మేకలెంట పోతివి గదో బావో... మా అక్కనొక్కదాన్ని చేసి పోతివి గదో..."

మన శోకంలో పోయినవాళ్ల గుణగణాలన్నీ వరసగా చెప్పాలి. ఎట్లా నడిచేవాడు, ఎట్లా తినేవాడు, ఎవరినేమనేవాడు. జయమ్మ అన్నీ చెప్పింది. కానీ ఆ మాటలు అర్థమయ్యే దిక్కెవరు? అంబూయమ్మ తలుపు జరిపి, ఈమెకేమైందా అని చూస్తోంది. రూడో వెనక నిలబడింది. మాటలతో అయ్యే పని కాదని జయమ్మకు తట్టింది. లేచి, పొయ్యి దగ్గర పది రోజులుగా తడుస్తున్న తెడ్డు అందుకుంది. తలుపు పక్కన కొక్కేనికున్న రూడో వానటోపీ తీసి నెత్తిన పెట్టుకుంది. గోడలోంచి కాకుండా, గుమ్మంలోంచే, కాలు ఈడ్చుకుంటూ గులకరాళ్ల వంటింట్లోకి నడిచింది. లేని మేకలను తెడ్డుతో అదిలించింది. కుడి వైపు గట్టు మీద, ఎవరూ కూర్చోకూడని చోట కూర్చుంది. మూడు తుమ్ములు తుమ్మి, ముమ్మారూ అంబూయమ్మ వైపు వేలు చూపింది. లేని పళ్లెంలోకి తొంగి చూసి, ఉప్పు చాల్లేదని ముఖం పెట్టింది.

ముందు రూడో పక్కుమంది. తర్వాత అంబూయమ్మ గొంతులోంచి ఏదో వచ్చింది. అది నవ్వో ఏడుపో జయమ్మకు తెలియలేదు. ఆమె తలుపు చట్రం పట్టుకుని, నోరంతా తెరిచి, ఒళ్లంతా కదిలిపోతోంది. కళ్లనుంచి నీళ్లు ధారగా కారుతున్నాయి.

అప్పుడు గానీ జయమ్మకు స్పృహ రాలేదు. చావు జరిగిన ఇల్లు. పదో రోజు. నెత్తిన వానటోపీ, చేతిలో తెడ్డు. ఏడిపించి ఓదార్చాలని వచ్చి కోతి వేషం కట్టింది. కూతురి ముందు తండ్రిని, పెళ్లాం ముందు మొగుణ్ణి ఎగతాళి చేసింది. తెడ్డు కింద పడేసి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని సరిహద్దు దాటి పరిగెత్తింది. ఒక చెప్పు ఆఫ్రికాలోనే ఉండిపోయింది.

"ఏం చేసొచ్చినావమ్మా నువ్వు?" అని ఫెబి అడిగితే, "నా తలకాయ చేసొచ్చినా," అని గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

రెండు రోజులు బయటికి రాలేదు. స్త్రీల కూడిక జూములో ఉంటే ఒంట్లో బాగాలేదని చెప్పించింది. ఏమీ కాలేదులే అత్తా, క్షమాపణ కార్డు ఒకటి పంపుదామని విక్టర్ అన్నాడు. ఈ దేశంలో దేనికైనా ఒక కార్డుంటుంది. చావింట్లో నవ్వించినందుకు ఏ కార్డు దొరుకుతుందని జయమ్మ తలుపు వెనక నుంచే అడిగింది. పెరటి వైపు కిటికీ తెర తీసే ధైర్యం కూడా ఆమెకు లేకపోయింది.

మూడో రోజు పొద్దున్నే వంటింటి తలుపు దగ్గర చప్పట్లు వినపడ్డాయి.

జయమ్మ కొంగు కప్పుకుని వచ్చింది. అంబూయమ్మ, సరిహద్దుకు ఇవతల, మొదటిసారి. చేతిలో జయమ్మ చెప్పు. వెనక రూడో, రెండు మీటర్ల దూరంలో. జయమ్మ తలదించుకుంది. అంబూయమ్మ ఆ చెప్పుతో ఆమె కాలి వైపు చూపిస్తూ కోపంగా ఏదో అంది. రూడో ఫెబికి చెప్పింది. ఫెబి కాసేపు పెదవి కొరుక్కుని తల్లి వైపు తిరిగింది.

"అమ్మా, ఆమె మొగుడు ఈడ్చేది ఎడమ కాలంట. నువ్వు కుడి కాలు ఈడ్చినావంట. ఇంత పాడు కుంటి నడక ఆమె యాడా చూళ్లేదంట."

జయమ్మ తల ఎత్తి చూసింది. రూడో మెల్లగా మిగతాది చెప్పింది. వాళ్ల ఊళ్లో ప్రతి ఇంటికీ బయటి మనిషి ఒకరు తోడుంటారు. చుట్టం కాదు, చుట్టం కన్నా ఎక్కువ. సాహ్విరా అంటారు. చావు జరిగితే ఆ మనిషి పోయినవాళ్ల టోపీయో కోటో వేసుకుని, వాళ్లలా నడిచి, వాళ్లలా తిట్టి, అందరినీ నవ్వించాలి. ఆ పని చుట్టాలు చేయకూడదు, ఆ మనిషే చేయాలి. ఊళ్లో సెకురూకు ఎవరో చేశారట. కానీ సిగ్నలు పోవడంతో అంబూయమ్మ అది చూడలేకపోయింది. అది చూడనిదే ఆయన పోయాడని ఆమెకు నమ్మకం కుదరలేదు.

"మా అమ్మ నిన్న సాయంత్రం దాకా ఏడ్చింది. తర్వాత గంజి తాగింది," అంది రూడో.

ఇదంతా ఫెబి తెలుగులో చెబుతుండగానే అంబూయమ్మ గుమ్మం దాటి వంటింట్లోకి వచ్చేసింది. ఎవరినీ అడగకుండా ప్రెస్సు తలుపు తీసింది. ఇక్కడ వంటింటి అలమరను ప్రెస్ అంటారు. రాగుల డబ్బా తీసి చంకన పెట్టుకుంది. సాహ్విరా ఇంట్లో ఏ వస్తువైనా అడక్కుండా తీసుకునే హక్కుంటుందట. జయమ్మ కళ్లు తుడుచుకుని, "ఉప్పు కూడా తీసుకపో, మీ ఇంట్లో ఎప్పుడూ చాలదు గదా," అంది. ఈ మాట ఎవరూ తర్జుమా చేయలేదు. అంబూయమ్మ ఉప్పు డబ్బా కూడా తీసుకుంది. అరగంటకు కంచె సందులోంచి పొగ వచ్చింది.

ఆ ఎండాకాలానికి టీకాలు పడ్డాయి, విమానాలు తిరిగాయి. సెప్టెంబరులో జయమ్మకు టికెట్టు దొరికింది. అదే వారం ఇంటి యజమాని పంపిన మనిషి కొత్త చెక్కలు మోసుకుని వచ్చాడు. వాటిని గోడకు ఆనించి, రేపొచ్చి బిగిస్తానని వెళ్లాడు. సందు మూయడానికి ఒక్క రోజే మిగిలింది.

చివరి సాయంత్రం అంబూయమ్మ సంగటి చేసింది. అందరూ గులకరాళ్ల ఊళ్లో కూర్చున్నారు. శామ్ పశువుల దొడ్డిలోంచి గాదెలోకి బుడిబుడి అడుగులతో పరుగులు పెడుతున్నాడు. నీ సమాధి కార్యక్రమానికి నేను రాలేను కదా అని అంబూయమ్మ రూడో చేత అడిగించింది. మీ ఊరు దూరం, నాకు వయసైంది, సిగ్నలు ఎట్లాగూ ఉండదు. కాబట్టి నా బాకీ ఇప్పుడే తీర్చుకుంటాను అంది. జయమ్మ నవ్వి, కానీ చూద్దాం అంది.

అంబూయమ్మ రంగుల బట్టను కొంగులా భుజం మీదుగా తీసుకుని లేచింది. పాస్టరమ్మ లేచింది అనాలి. కొంగు సర్దుకుంది, సర్దుకున్న కొంగును మళ్లీ సర్దుకుంది. కళ్లజోడు తుడిచి, దాంతో ఎదుటివాళ్ల తప్పులు వెతికింది. శామ్‌ను ఎత్తుకుని వాడి చెవి వెనక మురికి చూసి నిట్టూర్చింది. గింజలు ఎగరేసి ఐర్లండు పాలు చేసి, మోకాళ్ల మీద పడి ఏరింది. జయమ్మ పొట్ట పట్టుకుని నవ్వింది. "నేనంత గూనిగా నడుస్తానా మే?" అని ఫెబిని అడిగితే, ఇంకా ఎక్కువే అంది ఫెబి.

తర్వాత అంబూయమ్మ చాప మీద కూర్చుని గిన్నె దగ్గరికి లాక్కుంది. అడుగున పట్టిన మాడు గోటితో మెల్లగా గోకింది. ఊది చల్లార్చింది. పళ్లెం అంచున, విరగకుండా, జాగ్రత్తగా పెట్టింది. పెట్టి తల ఎత్తి గేటు వైపు చూసింది. కాసేపు అట్లాగే చూసింది. ఎవరూ రాలేదు. తల దించుకుని తినడం మొదలుపెట్టింది.

జయమ్మ నవ్వు ఆగిపోయింది. ఏలీయా అయ్యగారికి మాడంటే ప్రాణం. ప్రార్థనలు ముగించుకుని ఏ వేళకు ఇల్లు చేరినా ఆ ముక్క ఆయన కోసం ఉండాల్సిందే. దాన్ని పక్కన పెడుతున్నానని జయమ్మకు తెలుసు. పెట్టిన ప్రతిసారీ తల ఎత్తి గేటు వైపు చూస్తున్నానని మాత్రం ఆమెకు తెలియదు.

నాలుగేళ్లుగా రాని ఏడుపు వచ్చింది. మెల్లగా కాదు. రాగం పెట్టి, పేరు పెట్టి, "ఏలీయా గారూ" అని ఊరందరికీ వినపడేలా వచ్చింది. ఫెబి లేవబోతే అంబూయమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. ఓదార్చలేదు, ఊరుకోమనలేదు, స్తోత్రం చెప్పమనలేదు. ఆ ఏడుపు పూర్తయ్యేదాకా ఓపిగ్గా కూర్చుంది. తర్వాత చెయ్యి చాచి, పళ్లెం అంచునున్న ఆ మాడు ముక్క తీసి తన నోట్లో వేసుకుని నమిలి, ఉప్పు చాల్లేదని ముఖం చిట్లించింది.